పోటు మీద పోయిన మనిషి

కిందటి వారం మల్లన్నను ఆరుద్ర కార్తె జల్లులో, వదిన గడప బయట, చంకలో వలతో నిలబెట్టి వచ్చాం. వారం రోజులుగా తడుస్తున్న మనిషిని ఇకనైనా లోపలికి పిలవకపోతే ఆ పాపం మనకే చుట్టుకుంటుంది. అయితే అతను ఎందుకు నిలబడ్డాడో మరిచిపోయినవాళ్ళు కొందరుంటారు. వాళ్ళకు నాలుగు మాటలు చెప్పి అప్పుడు పిలుస్తాను.

ఎల్లారెడ్డి బెస్తవాడలో ఈరవ్వ మాటకు ఎదురు లేదు. ఆమె పెనిమిటి పర్శరాములు, నిజాంసాగర్ కట్ట పూర్తయిన ఏడు, గోదావరి సముద్రంలో కలిసేచోట ఒక్కసారి వల విసిరి రావాలని బయలుదేరాడు. తోడుగా వలదారం అమ్మే యాకూబు వెళ్ళాడు. తిరిగి వచ్చింది యాకూబు ఒక్కడే, పర్శరాములు వల చంకన పెట్టుకుని. "పోటు మీద పోయిండట" అని ఒక్క మాట చెప్పి వాకిట్లో కూలబడ్డాడు. కత్తిపోటుకు పోయాడని వాడంతా గొల్లుమన్నది. ఈరవ్వ గాజులు పగిలాయి. ఎవరు పొడిచారు, ఎందుకు పొడిచారు, శవమేదీ అంటే యాకూబు దగ్గర జవాబు లేదు. ఠాణాకు పోతే అది ఇంగ్రేజీ ఇలాఖా, మాకు సంబంధం లేదన్నారు. ఆనాటి నుంచి యాకూబుకు ఆ ఇంటి గడప మూతపడింది. ఇప్పుడు, పదేండ్ల తర్వాత, పర్శరాములు తమ్ముడు మల్లన్న అన్న వల పట్టుకుని అదే నదికి పోతానని లేచాడు. "నా పీనుగ దాటి పో" అని ఈరవ్వ తలుపు వేసుకున్నది.

ఆ తలుపు తెరిపించింది మల్లన్న బతిమాలడం కాదు, అతని వెనకనుంచి వచ్చిన ఒక తుమ్ము. గోనెపట్ట కప్పుకుని వణుకుతున్న కొత్త మనిషి ఎవరో తుమ్మాడు. మరిది మీద ఎంత కోపమున్నా, పరాయివాణ్ణి వానలో నిలబెట్టడం ఈరవ్వకు పుట్టింటివాళ్ళు నేర్పలేదు.

"ఆ వచ్చినాయన ఎవలు?" అన్నది తలుపు సందులోంచి.

"స్వామిదాసు, వదినె. గోదారి జిల్లా. నస్రుల్లాబాద్ కాడ కాలువ కింద భూములు కొన్నోళ్ళు లేరా, ఆళ్ళ క్యాంపుల జీతమున్నడు. పుట్టింది, పెరిగింది పడవలనే."

"లోపటికి రమ్మను. నువ్వు గూడ రా. వల చూరుకు తగిలెయ్యి. దాన్ని నా పొయ్యికాడికి తేకు."

స్వామిదాసు మంచి మనిషి. ప్రతి మాటకు ముందు "ఆయ్" అంటాడు. కూర్చోమంటే "ఆయ్", రొట్టె తింటావా అంటే "ఆయ్". మనిషికి ఎక్కడో సలుపుతున్నదేమో, కషాయం కాయాలా అని ఈరవ్వ కాసేపు తర్జనభర్జన పడింది. వాళ్ళ దిక్కున అవునంటే అలాగే అంటారని మల్లన్న చెవిలో చెప్పాక ఊరుకున్నది.

ఆమె పొయ్యి ముందు కూర్చుని జొన్నరొట్టె కొడుతుంటే, మగవాళ్ళిద్దరూ గోడ పక్కన చేరారు. వదిన పెట్టిన శాపం ఇంకా వాసాలకే వేలాడుతున్నది, ఆ సంగతి మరిచిపోయి మల్లన్న ఒక బొగ్గుముక్క తీసుకుని అలికిన నేల మీద ప్రయాణం గీయడం మొదలుపెట్టాడు. చేపలు పట్టేవాళ్ళ జబ్బే అంత. నీళ్ళ మాట వచ్చిందంటే ఒళ్ళు తెలియదు.

"ఇగ ఇది కామారెడ్డి. ఈడ రైలెక్కుతం. సికింద్రాబాదుల మారాలె. బెజవాడ దాటినంక నిడదవోలు కాడ మల్ల మారాలె. నర్సాపురంల దిగితె గంగనే, మీరనే గోదారి. అంతే కద?"

"ఆయ్. దిగాక రేవులో పడవెక్కితే మా లంకండి. మా బావకి సొంత పడవుంది. ఈ నెలలో ఎగువ వానలకి ఎర్రనీళ్ళు దిగుతాయండి. ఆ నీళ్ళకి సముద్రంలోంచి పులస ఎదురెక్కి వస్తాది. పుస్తెలమ్ముకునైనా పులస తినాలంటారండి మా..." అని, బోసిగా ఉన్న ఈరవ్వ మెడ కంటబడి నాలుక కరుచుకున్నాడు.

"అమ్ముకునేతందుకు ఉంటె కద తమ్మీ," అన్నది ఈరవ్వ రొట్టె తిప్పుతూ.

స్వామిదాసు తల దించుకుని రొట్టె తుంచుకున్నాడు. తర్వాత మల్లన్నే మెల్లగా అందుకున్నాడు.

"వదినె, నేను చాపల కోసం పోతలేను. అన్నకు మనం పిట్టకు పెట్టినం, దినం జేసినం. కని ఆయన పోయినకాడ ఒక్క పువ్వు ఎయ్యలె. ఆయన వల ఒక్కపాలి ఆ గంగల ఏసి, మొక్కి వస్త. ఆయన చూడాలనుకున్నది నేనన్న చూస్త. గా గంగకు అవుతలి ఒడ్డు కనవడదట వదినె."

ఈరవ్వ ఇంకో రొట్టె పెనం మీద వేసింది. అవతలి ఒడ్డు కనబడదట అన్న మాట ఆమె మొదటిసారి విన్నది మల్లన్న నోట కాదు.

కట్ట రాకముందు ఎండాకాలం వస్తే మంజీర సన్నగా, ఎండకు మెరుస్తూ ఒక పక్కకు ఒదిగి పారేది. మిగతాదంతా ఇసుక. బెస్తవాడంతా పిల్లాపాపలతో ఆ ఇసుక మీదికి మకాం మార్చేది. గడ్డి గుడిసెలు వేసుకుని, దోసపాదులు పెట్టుకుని, పొద్దున వలలు, మాపున ముచ్చట్లు. పెండ్లయిన మొదటి ఏడు పర్శరాములు ఆమెను పుట్టిలో కూర్చోబెట్టి నడి మడుగులోకి తీసుకుపోయి, తెడ్డుతో గిరగిర తిప్పాడు. ఆమె అరిచిన అరుపుకు ఒడ్డున అత్త పరుగెత్తుకొచ్చింది. ఆ మాపు ఇద్దరూ నీళ్ళలో కాళ్ళు పెట్టుకుని కూర్చున్నప్పుడు, "ఈ నీళ్ళు యాడికి పోతయో ఎరికేనా?" అన్నాడు. "గంగల కలుస్తయి" అన్నదామె. "గంగ యాడికి పోతది?" "సముద్రంలకు." "గాడ గంగకు అవుతలి ఒడ్డు కనవడదట ఈరవ్వా. ఒక్కపాలి చూడాలె. నీకు గూడ చూపియ్యాలె." అప్పటికి ఆమెకు ఆ మాటలో ప్రమాదమేమీ కనబడలేదు. పెండ్లయిన కొత్తలో మగవాడు చంద్రుణ్ణి కూడా తెస్తానంటాడు కదా అనుకున్నది.

తర్వాత కట్ట లేచింది. గుడిసెలు వేసిన చోటు, దోసపాదులు, ఆమె అరిచిన మడుగు, అన్నీ సాగరం అడుగుకు పోయాయి. వల విసరాలంటే గుత్తదారు సెలవు కావాలి. మనుషులకు అన్నం పుట్టింది, పొలాలకు నీళ్ళొచ్చాయి, మంచిదే. కాని ఆ ఇసుక మీది ఎండాకాలాలు తలచుకుంటే ఈరవ్వకు ఇప్పటికీ చేతిలో పని ముందుకు సాగదు. పర్శరాములు కూడా ఆ ఏడే నిలవలేక బయలుదేరాడు.

ఆమె కొంగుతో కళ్ళు తుడుచుకుని, పొగ అని సాకు పెట్టి, స్వామిదాసు వైపు తిరిగింది.

"దాసు తమ్మీ, ఒక్క మాట అడుగుత. దాపెట్టకుంట చెప్పాలె. మీ దిక్కు పోట్లు ఎక్కువనా?"

స్వామిదాసు ముఖం వెలిగింది. తన ఊరి గొప్ప అడిగినవాళ్ళు ఈ దేశంలో అతనికి మొదటిసారి దొరికారు.

"ఆయ్, శానా ఎక్కువండి! అమావాస్యకి, పున్నానికీ మరీనండి."

ఈరవ్వ చేతిలో పిండిముద్ద ఆగిపోయింది. "అమాసకు ఎక్కువనా? కడమ దినాలు ఉండయా?"

"ఎందుకుండవండీ, రోజుకి రెండుసార్లండి. పొద్దునొకటొస్తే రాత్రికొకటి."

"దినానికి రెండు పోట్లా! అడ్డం వడేటోళ్ళు లేరా?"

"దేవుడి పనండీ, ఎవరు అడ్డం పడతారు? మా పసిపిల్లలకి కూడా అలవాటేనండి. పోటొచ్చిందని కేకేత్తే ఆడోళ్ళు బుట్టలట్టుకుని మరీ పరిగెడతారు. పోటు లేకపోతే మాకు కూడే లేదండి."

ఈరవ్వ లేచి నిలబడింది. ముఖం తెల్లబారింది. "విన్నవా మల్లన్నా! విన్నవా నీ చెవులతోని! ఆడోళ్ళు బుట్టలు వట్టుకొని ఉరుకుతరట! నా మనిషిని గందుకే కోడిని కోసినట్టు కోసిండ్రు. గసొంటి దేశంల నువ్వు చాపలు వడుతవా? నేను సచ్చినా పోనియ్య!"

స్వామిదాసు రొట్టెముక్క నోట్లో పెట్టుకుని మింగలేక కక్కలేక చూశాడు. "కోయడం ఏంటండి? నేనేమన్నానండి?"

"పోట్లని నువ్వేనంటివి!"

"పోటంటే... నీళ్ళ పోటండి!"

మల్లన్న చేతిలోని బొగ్గు జారింది. "నీళ్ళకు పోటేంది?"

చెప్పి ఒప్పించడం తన వల్ల కాదని స్వామిదాసుకు తెలిసిపోయింది. పిండి కలిపే తాంబాళం అడిగి తీసుకుని, అందులో చెంబెడు నీళ్ళు పోసి, నేల మీద పెట్టాడు. ఇటువైపు సముద్రం, అటువైపు గోదావరి అన్నాడు. సముద్రం వైపు అంచు కొంచెం పైకెత్తాడు. నీళ్ళు మెల్లగా అటు అంచు మీదికి ఎక్కాయి.

"ఇదండి పోటు. సముద్రం పొంగి, నది ఎనక్కి పారతాది. ఎగువకెళ్ళే పడవలన్నీ తాళ్ళిప్పుకుని దాని మీదే ఎళతాయి. తెడ్డెయ్యక్కర్లేదు." అంచు కిందికి దించాడు. నీళ్ళు వెనక్కి జారాయి. "ఇది పాటు. నీరు సముద్రంలోకి తిరిగిపోతాది. ఎగువకెళ్ళినోళ్ళు దీని మీద దిగొత్తారు. పొద్దున పోటు మీద పోయి, పాటుకి ఇంటికొచ్చేయడం మాకు రోజూ ఉండేదేనండి."

ఈరవ్వ ఆ తాంబాళాన్నే చూస్తూ ఉండిపోయింది. నీళ్ళు అటూ ఇటూ ఊగి ఊగి నిలిచాయి. నది వెనక్కి పారుతుందని మంజీర ఒడ్డున ఎవరైనా అంటే కల్లు ఎక్కువైందనేవాళ్ళు. ఆమె ఒక్కో మాట ఏరుకుంటున్నట్టు అడిగింది.

"పోటు మీద పోయిండంటె... మీ తాన ఏమని?"

"ఎగువకెళ్ళాడనండి. పడవెక్కి."

"పోయిండంటె, సచ్చిపోయిండని గాదా?"

"చచ్చిపోతే ఉత్తినే పోయాడంటామండి. పోటు మీద పోయాడంటే బతికున్నోడి మాటేనండి."

పొయ్యి మీద రొట్టె మాడింది. ఎవరూ తీయలేదు. ఈరవ్వ కొంగు తల మీదికి లాక్కుని, చెప్పులు కూడా వేసుకోకుండా జల్లులోకి నడిచింది. ఎక్కడికని మల్లన్న అడగలేదు. తాంబాళం దాటి వెనకే పరుగెత్తాడు. స్వామిదాసు తన పుణ్యానికి ఏ కొంప అంటుకున్నదో తెలియక వాళ్ళ వెనక పడ్డాడు.

బజారులో యాకూబు దుకాణం ముందుకు ఈరవ్వ పదేండ్లుగా రాలేదు. దారం కావాలంటే తాడ్వాయి సంతకు మనిషిని పంపేది. ఆమెను చూడగానే యాకూబు చేతిలోని దారపు ఉండ కింద పెట్టి లేచాడు. గడ్డం నెరిసింది. తిట్టడానికి వచ్చిందనుకుని తల వంచాడు. తిట్లు అతనికి కొత్త కావు. ఎదురు చెప్పడమే మరిచిపోయాడు.

"యాకూబూ," అన్నది ఈరవ్వ. "ఆ దినం ఆ రేవుల నీకు చెప్పినోడు ఏమని చెప్పిండు? ఆని నోట వచ్చిన మాట, వచ్చినట్టు చెప్పు. నీ మాట కలుపకు."

"అక్కా, ఇప్పుడు గా ముచ్చట..."

"చెప్పు."

యాకూబు కళ్ళు మూసుకున్నాడు. "నేను దారం కొనెతందుకు ఆ ఊరి బజారుకు పోయిన. మల్లొచ్చి చూస్తె రేవుల పర్శన్న లేడు. ఆయన వల, బట్టల మూట ఒడ్డున ఉన్నయి. పక్కపొంటి అంత నెత్తురు."

"రేవులో చేపలు కోస్తారండి," అన్నాడు స్వామిదాసు మెల్లగా.

"నడి నీళ్ళల్ల పడవోడొకడు పోతుంటె, మావోడేడని ఒర్రిన. ఆడు చెయ్యూపి అన్నడు..." యాకూబు ఆ పడవవాడి యాసనే తెచ్చుకుని, నమాజు చదివినంత జాగ్రత్తగా చెప్పాడు. "'మీవోడు పోటు మీద ఎల్లిపోయాడు. పాటుకొచ్చేత్తానన్నాడు. నిన్ను కూకోమన్నాడు.'"

స్వామిదాసు రెండు చేతులతో నెత్తి పట్టుకున్నాడు.

"కడమ మాటలు ఎందుకు చెప్పలేదురా!" అని మల్లన్న అరిచాడు.

"పోటు అనంగనే మీరు ఏడుపు షురూ జేస్తిరి. ఇంక నా మాట ఎవలు విన్నరు? నాకే సమజ్ గాలె. నెత్తురు చూసినంక చెవులు పని జెయ్యలె. పాటంటె ఏదో పాట్లు వడ్డడని అనుకున్న. కూకోమన్నాడంటె, నన్ను గూడ పొడుస్తరు, కూసోమంటున్నరని భయమయ్యి రైలుకు ఉరికిన. ఏంది, ఏమైంది? ఎందుకు అందరు గట్ల చూస్తున్నరు?"

స్వామిదాసు చెప్పాడు. ఎగువకు వెళ్ళాడని, నీళ్ళు తిరగగానే వస్తానన్నాడని, అప్పటిదాకా ఇక్కడే ఉండమన్నాడని. ఒక్కో మాటకు యాకూబు ముఖంలో ఒక్కో పొర ఊడిపోయింది. చివరికి గల్లాపెట్టె పక్కన నేల మీద చతికిలబడ్డాడు.

"నన్ను కూసోమన్నడా? నన్ను... యా అల్లా! నేను కూసోలె. నేను కూసోనన్న కూసోలె అక్కా!"

పెద్ద మగవాడు బజారులో అలా ఏడవడం ఎల్లారెడ్డి అంతకుముందు చూడలేదు. పక్క దుకాణంవాళ్ళు తొంగి చూశారు. ఈరవ్వ ఆ దుకాణం అరుగు మీద కూర్చుని, "నాకు జెర మంచినీళ్ళియ్యి యాకూబూ" అన్నది. అతను నమ్మలేనట్టు చూశాడు. ముంత కడిగి, నింపి అందించాడు. ఆమె తాగింది. పదేండ్ల పగ తీరడానికి ఆ వాడలో అంతకంటే పెద్ద మాట లేదు.

మల్లన్నకు మాత్రం కాలు నిలవడం లేదు. "వదినె, అన్న బతికిండు! వల ఒడ్డున వెట్టి పోయిండంటె మల్ల వస్తననే కద! బెస్తోడు వలనిడిసి పోతడా? బతికిండు!"

"సంబుర పడకు మల్లన్నా," అన్నది ఈరవ్వ.

ఆమె గొంతు విని అతను ఆగిపోయాడు.

"సచ్చిండంటె ఏడ్చిన. ఏడ్చుడు నాకు చాతనైంది. బతికి ఉండి, పదేండ్లు ఇంటి దిక్కు చూడలేదంటె నేనేం జెయ్యాలె? ఆ ఏడుపు నాకెవలు నేర్పలె." అరుగు మీదే దుకాణం వైపు తిరిగింది. "యాకూబూ, ఎగువకు ఎందుకు పోయిండు? నీకెరికె. ఆ పొద్దుగాల నీతోని ఏం మాట్లాడిండు?"

యాకూబు కండువాతో ముఖం తుడుచుకున్నాడు. "అప్పుడు చెప్పలె అక్కా. పోయినోని ముచ్చట చెప్పి నిన్నింక ఏడిపించుడెందుకని చెప్పలె. తర్వాత నువ్వు గడప ఎక్కనియ్యలె."

"ఇప్పుడు చెప్పు."

"ఎగువ లంకల ఒక ఇల్లున్నదని ఎవలో చెప్పిండ్రట. గంగ ఒడ్డుకే. 'ఈరవ్వకు నచ్చుతదో లేదో చూసొస్త యాకూబూ, మంచిగుంటె దాన్ని ఈడికే తోల్కొస్త' అన్నడు. గదే ఆఖరు మాట."

ఈరవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకున్నది. పదేండ్లుగా ఆమె కలలో పర్శరాములు ఎప్పుడూ కత్తి కిందనే ఉన్నాడు. ఆ రోజు అతను నిజానికి ఆమె కోసం ఇల్లు చూడటానికి పడవెక్కాడు. భుజాలు కదిలేలా ఏడ్చింది. అది సంతోషమో దుఃఖమో ఆమెనే అడిగినా చెప్పలేకపోయేది.

అందరూ ఆమెను చూస్తున్నారు కాబట్టి స్వామిదాసు ముఖం ఎవరూ గమనించలేదు. అతను రెండుసార్లు నోరు తెరిచి మూసుకున్నాడు. చివరికి గోనెపట్ట చేతిలో నలుపుతూ అన్నాడు. "అమ్మగోరూ... ఎగువ లంకలో, గోదారి ఒడ్డునే, ఇల్లంటే... ఆ ఇల్లు నాకు తెలుసండి. ఆ ఇంట్లో..."

"ఆగు తమ్మీ." ఈరవ్వ చెయ్యెత్తింది. కళ్ళు తుడుచుకుని లేచి నిలబడింది. "మల్లన్నా, పొద్దుగాల బండి మాట్లాడు, కామారెడ్డికి పోతున్నం. యాకూబూ, నువ్వు రావాలె, ఆ రేవు నువ్వే చూపియ్యాలె. నువ్వు మాత్రం ఇంకొక్క మాట చెప్పకు దాసూ. సగం మాట విని పదేండ్లు ముండమోసిన. ఆ ఇంట్ల ఎవలున్నరో, ఈపాలి నా కండ్లతోని చూస్త."